బస్సెక్కని వార్త

మా బాపును వరంగల్‌లో కొందరు పిరికివాడంటారు, కొందరు హరిశ్చంద్రుడంటారు. ఆ రెండు మాటల్లో ఏది విన్నా నాకు ఒళ్లు మండుతుంది. హరిశ్చంద్రుడే అయితే చేయాల్సిన పని మొదటి రోజే చేసేవాడు. వట్టి పిరికివాడే అయితే కోర్టు బోనెక్కి నిలబడేవాడు కాదు. ఆయన కూతుర్ని కాబట్టి ఆయన్ను తిట్టే హక్కు నాకుంది, ఊళ్లో వాళ్లకు లేదు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను.

ఆయన పేరు సిద్దిరాములు. కొత్తవాడలో దరీలు, జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. మా తాత మగ్గం మీద కూర్చోమంటే నడుము నొప్పని తప్పించుకునేవాడట. తర్వాత ఆ నడుముతోనే ఏళ్ల తరబడి పేపర్ కట్టలు మోశాడు. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక పెద్ద పేపరుకు ఆయన ఏజెంటు. తెల్లవారకముందే కట్టలు విప్పి, ఏ ఊరి కాపీలు ఆ ఊరికి విడగొట్టి, నర్సంపేట బస్సుకు కొన్ని, వర్ధన్నపేట బస్సుకు కొన్ని ఎక్కించి పంపేవాడు. హన్మకొండ బస్టాండ్ ఎదుట చిన్న దుకాణం. ఏ ఊళ్లో ఎవరింటికి పేపరు పోతుందో, ఎవరు హోటల్లో కూర్చుని ఊరికే చదివిపోతారో ఆయనకు కంఠతా వచ్చు.

ఆ రోజుల్లో పేపర్లు జిల్లాల్లో జీతమిచ్చి విలేకరులను పెట్టుకునేవి కావు. కాపీలు బాగా అమ్మే ఏజెంటుకే వార్తలు రాసే కార్డు కూడా చేతిలో పెట్టేవి. అలా మా బాపు విలేకరి అయ్యాడు. ఆ కార్డంటే ఆయనకు ప్రాణం. పెళ్లికి పోయినా, చావుకు పోయినా చొక్కా జేబులో అది ఉండాల్సిందే. మా అవ్వ, అంటే మా అమ్మ, సరోజన ఎగతాళి చేసేది. "గా కార్డు సూపెడితె కిరాణం దుకాణపోడు బియ్యమిస్తడా?" అనేది. బాపు నవ్వి, జేబు తడుముకుని, కార్డు ఉందని నమ్మకం కుదిరాక బయటికి నడిచేవాడు. మొదట్లో ఆయన రాసినవన్నీ సాదాసీదా వార్తలే. వర్ధన్నపేట దగ్గర లారీ బోల్తా, స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్యాసింజర్ రైలు ఆగక జనం గోస, నర్సంపేట మార్కెట్లో పత్తికి ధర లేక రైతుల ధర్నా. కింద "మా విలేకరి" అని పడితే చాలు, ఆ పేజీ మా దుకాణం ముందు రోజంతా వేలాడేది.

బాపుకు తోడు మరో ముగ్గురు విలేకరులుండేవారు. అందరూ వేర్వేరు పేపర్లవాళ్లు. పెద్దవాడు సారంగపాణి సార్, ఒకప్పుడు బడిపంతులు. రెండో ఆయన లక్ష్మీనారాయణ, సినిమా హాల్లో మేనేజర్. అందరికంటే చిన్నవాడు కట్టయ్య కాక. వర్ధన్నపేట వైపు రైతుబిడ్డ. ఆయన రాసే పేపరు చాలా చిన్నది. మా దుకాణంలో దాన్ని అడిగేవాళ్లే అరుదు. కానీ నలుగురిలో నిజంగా రాయవచ్చిన మనిషి ఆయనే. బాపును రాములన్నా అని పిలిచేవాడు, మా ఇంట్లో అన్నం తినేవాడు, నాకు వ్యాసాలు దిద్దిపెట్టేవాడు.

ఈ నలుగురికీ ఒక పద్ధతుండేది. రోజూ మధ్యాహ్నం దాటాక మా దుకాణం పక్క ఇరానీ హోటల్లో కూర్చునేవారు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పేవారు. మామూలు వార్తలు ఎవరివి వాళ్లు రాసుకునేవారు. ప్రమాదం తెచ్చే వార్త అయితే మాత్రం ఒక్కరే రాసేవారు. కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, పెన్ను గట్టిగా నొక్కి, ఒకే రాతతో నాలుగు ప్రతులు తీసేవారు. ఎవరి ప్రతి వాళ్లు తమ కవర్లో పెట్టుకుని, ఐదు గంటల హైదరాబాద్ బస్సులో కండక్టర్‌కు ఇచ్చేవారు. అక్కడ బస్టాండుకు పేపర్ల మనుషులొచ్చి తీసుకుపోయేవారు. తెల్లారేసరికి నాలుగు పేపర్లలో ఒకే వార్త, అక్షరం పొల్లు పోకుండా.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. ఎమర్జెన్సీలో సారంగపాణి సార్ ఒక్కడే ఒక వార్త రాసి కవరు పంపాడు. పల్లెల్లో మగవాళ్లను బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు తీసుకుపోతున్నారన్న సంగతి అది. పేపర్లో పడనే లేదు, పడే రోజులూ కావవి. దారిలోనే కవరు ఎవరో విప్పారు. మర్నాడు సార్‌ను ఇంట్లోంచి తీసుకుపోయారు. నెలల తరబడి జైల్లో ఉండి వచ్చాక ఆయన మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడట. "ఒక్కడు రాస్తె గా ఒక్కని మీద పడుతరు. నలుగురం ఒక్క తీరుగ రాస్తె ఎవలని కొడుతరు? రాస్తె నలుగురం రాయాలె, లేకుంటె ఎవలం రాయొద్దు." ఆ మాట మీద వాళ్లు ఏళ్లకేళ్లు నడిచారు. ఎవరినీ ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఎనభై మూడు ఎండాకాలంలో నర్సంపేట రోడ్డులో ఒక ఊళ్లో కూలీలు నలుగురు చచ్చిపోయారన్న కబురొచ్చింది. వాంతులు బేదులని పైవాళ్లు చెప్పారు. కట్టయ్య కాక నమ్మలేదు. బాపును స్కూటర్ తీయమన్నాడు. ఇద్దరూ వెళ్లారు. పోయినవాళ్లందరూ ముందు రోజు ఒకే సారా దుకాణంలో తాగారు. చచ్చేముందు కండ్లు కనపడటం లేదని ఏడ్చారు. వీళ్లు అక్కడుండగానే దుకాణం మనుషులు మిగిలిన సీసాలన్నీ జీపులోకి ఎక్కించుకుని పోవడం ఇద్దరూ కళ్లారా చూశారు. జీపు రోడ్డు వైపు కాదు, ఇంకో పల్లె వైపు పోయింది. జిల్లాలో సగం సారా దుకాణాలు ఒక్క కంట్రాక్టర్‌వే. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాయకపోవడం భయంతో కాదు, ఆ పేరును కాగితం మీద పెట్టడం నాకు ఇష్టం లేక.

హోటల్లో కట్టయ్య కాకే రాశాడు. కార్బన్లు పెట్టి నాలుగు ప్రతులు తీశాడు. సారాలో విషం కలిసిందని, మిగిలిన సరుకు పక్క ఊళ్లకు తరలిందని, ఎవరూ తాగొద్దని స్పష్టంగా ఉంది అందులో. నలుగురూ సరేనన్నారు. టీలు తాగారు. లేచారు.

బాపు కవరు సిద్ధం చేసుకుని దుకాణంలోకి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, సెలవుల్లో దుకాణం చూసుకునేదాన్ని. కాసేపటికి తెల్లబట్టల మనిషొకడు వచ్చి పేపరు కొన్నాడు. కంట్రాక్టర్ మనిషని ఊళ్లో అందరికీ తెలుసు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, నా వైపు చూసి బాపును అడిగాడు.

"నీ బిడ్డ గదా? ఏ కాలేజీల సదువుతాంది?"

నాకు కోపమొచ్చింది.

"ఏ కాలేజైతె నీకేంది? సీటు ఇప్పిస్తవా?" అన్నాను.

వాడు నవ్వాడు. "తెలివిగల పిల్ల. పైలంగ సూస్కో సిద్దిరాములు. కాలం మంచిగ లేదు," అని వెళ్లిపోయాడు. కొట్టలేదు, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు.

నేను ఇంకా వాణ్ణి తిడుతూనే ఉన్నాను. బాపు కవరు తీసుకుని బస్టాండ్ లోపలికి నడిచాడు. బస్సు వెళ్లిపోయాక తిరిగొచ్చాడు.

"కవరిచ్చినవా బాపూ?" అనడిగాను.

"ఇచ్చిన బిడ్డా," అన్నాడు.

మర్నాడు పొద్దున కట్టలు నేనే విప్పాను. మొదటి పేజీ చూశాను, జిల్లా పేజీ చూశాను, అన్ని పేజీలూ తిరగేశాను. లేదు. ఇంకో రెండు పేపర్లలోనూ లేదు. కట్టయ్య కాక పేపర్లో మాత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. ఆ పేపరు నర్సంపేట రోడ్డులో ఒక్క ఊరికీ పోదు. మా పేపరు ప్రతి ఊరికీ పోతుంది.

"ఏంది బాపూ, మనదాంట్ల ఏయలే?"

"డెస్కోళ్లు ఆపిండ్లు కావచ్చు. ఆళ్ల ఇష్టం గదా," అన్నాడు బాపు. ఆ మాట నమ్మడానికి వీలుంది. హైదరాబాద్‌లో వార్తలు ఎంచి దిద్దే డెస్కు వాళ్లు ఎన్నో వార్తలు చెత్తబుట్టలో వేసేవారు. నేను నమ్మి, డెస్కు వాళ్లను తిట్టుకుంటూ కాపీలు విడగొట్టి బస్సులకు ఎక్కించాను. 

ఆ రెండు మూడు రోజుల్లోనే పక్క ఊళ్లో మళ్లీ చావులు మొదలయ్యాయి. అదే సారా, అవే మసకబారిన కండ్లు. ఈసారి అధికారులు దిగారు. మంత్రులు వచ్చారు. అన్ని పేపర్లూ పేజీలకు పేజీలు రాశాయి. మా బాపు కూడా రాశాడు. కింద "మా విలేకరి" అని పడింది. ఆ పేజీని మాత్రం ఆయన దుకాణం ముందు వేలాడదీయలేదు. దాన్ని తీసి, అమ్ముడుపోని పాత కాపీల కింద పెట్టడం చూశాను.

కట్టయ్య కాకను అదే వారం వర్ధన్నపేట రోడ్డు మీద పట్టపగలు పట్టుకున్నారు. సైకిల్ మీద వస్తుంటే జీపు అడ్డం పెట్టి, కర్రలతో కాలు విరగ్గొట్టారు. కుడిచేతిని రాయి మీద పెట్టి వేళ్లు నలగ్గొట్టారు. "రాయి ఇగ, ఎంత రాస్తవో రాయి," అన్నారట. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. అంటే అందరికీ తెలుసు, చెప్పే మనిషి దొరకలేదు.

పెద్ద దవాఖానలో కాక చాలా రోజులున్నాడు. సారంగపాణి సార్ ఒకసారి వచ్చి, కాసేపు కండ్లు తుడుచుకుని పోయాడు. లక్ష్మీనారాయణ బత్తాయి పండ్లు ఎవరితోనో పంపాడు. మా బాపు మాత్రం రోజూ పోయేవాడు. అన్నం క్యారియర్ తీసుకుపోయేవాడు. కట్లు మార్చేటప్పుడు కాక భుజం పట్టుకుని కూర్చునేవాడు. కాకతో ఉచ్చ పోయించడం, ఒళ్లు తుడవడం అన్నీ తానే చేశాడు. తోడబుట్టినవాడు కూడా అంత చేయడని వార్డులో అందరూ అనేవారు. ఆ మాట విన్నప్పుడు బాపు తల వంచుకుని క్యారియర్ గిన్నెలు సర్దుకునేవాడు. నేను దాన్ని వినయం అనుకున్నాను. 

కాకకు డెస్కు వాళ్ల మీదే కోపం.

"నీ డెస్కోళ్లు ఎంత పని జేసిండ్లు రాములన్నా. నాలుగు పేపర్లల్ల పడుంటె నన్ను ముట్టుకునే దమ్ముండెనా ఆళ్లకు? నువ్వైతె పంపితివి. నువ్వేం జేస్తవ్?"

"అవు తమ్మీ," అనేవాడు బాపు. రెండ్రోజులకోసారి కాక అదే మాట ఎత్తేవాడు. బాపు అదే జవాబిచ్చేవాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. మా అవ్వ జీర్ణం సరిగా లేదేమోనని వాము నీళ్లు కాచి ఇచ్చేది. ఆయన అవీ తాగేవాడు.

కాక కర్ర పట్టుకుని నడిచేనాటికి కంట్రాక్టర్ కోర్టుకు పోయాడు. పరువునష్టం కేసు. చావులకు కారణం ఎక్కడో కాసిన దొంగసారా అని, అది తన సరుకు కాదని, కట్టయ్య ఒక్కడే కక్షతో తన దుకాణం పేరు రాశాడని కేసు. పైగా ఒక మాట పదే పదే అనిపించాడు. నిజమైతే మిగతా పేపర్లు మొదటి రోజే ఎందుకు రాయలేదు? కాక పేపరు యాజమాన్యం కేసు పడగానే చేతులెత్తేసింది. ఓడిపోతే కాక జైలుకు పోవాలి. వేళ్లు వంగని చేత్తో మళ్లీ పెన్ను పట్టడం నేర్చుకుంటున్న మనిషి.

కేసు రెండేళ్లు నడిచింది. సారా దుకాణం మనుషులు సీసాలు జీపులో ఎక్కించడం చూసినవాళ్లలో, ముద్దాయి అయిన కాకను పక్కన పెడితే, కోర్టుకు వచ్చి చెప్పగలిగినవాడు మా బాపు ఒక్కడే. ఊరివాళ్లను ఎప్పుడో బెదిరించేశారు. సాక్ష్యం చెబుతానని బాపు మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు. విచారణ ముందు రోజు సాయంత్రం కాక తరఫు వకీలు మా ఇంటికొచ్చి, కోర్టులో ఏమేం అడుగుతారో వివరించాడు.

"మీరు సూసింది సూసినట్టు చెప్పుండ్లి. గాని ఒకటి అడుగుతరు. మీ పేపర్ల ఎందుకు రాలేదు అని. మీరు పంపితె డెస్కోళ్లు ఏయలేదు గదా? గదే మనకు దెబ్బ. పెద్ద పేపరు ఆరా తీసి అబద్ధమని పక్కకు పెట్టిందని అటు వకీలు అంటడు. దానికి జవాబు ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు," అన్నాడు.

వకీలు వెళ్లిపోయాక బాపు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వనూ నన్నూ పిలిచాడు. చెప్పేశాడు. కవరు జేబులోనే పెట్టుకుని బస్టాండ్ స్తంభం చాటున నిలబడ్డానని, కట్టయ్య పరుగెత్తుకుంటూ వచ్చి కండక్టర్‌కు తన కవరు ఇవ్వడం చూశానని, బస్సు కదిలినా కాళ్లు కదల్లేదని చెప్పాడు. కవరు మర్నాడు నీళ్లపొయ్యిలో వేశాడట.

మా అవ్వ ముందుగా తేరుకుంది. "పంపకుంటె పంపకపాయె. బతికున్నం గదా. గిప్పుడు కోర్టుల చెప్పి ఏం బావుకుంటవ్? డెస్కోళ్లే ఆపిండ్లని చెప్పు," అంది.

"గట్ల చెప్తె కట్టయ్య జైలుకు పోతడు," అన్నాడు బాపు. తర్వాత నా వైపు చూశాడు. "నీ కోసమే బిడ్డా. గాడు నీ కాలేజీ అడిగిండు. నాకు ఇంకేం కనబడలే."

నాకు దవాఖానలో కాక నలిగిన వేళ్లు గుర్తొచ్చాయి. ఆయనకు అన్నం తినిపిస్తూ అవునవునన్న బాపు గుర్తొచ్చాడు.

"నా పేరు పెట్టకు బాపూ. నేను భయపడలే. నువ్వు భయపడ్డవ్. నీ భయం తెచ్చి నా నెత్తి మీద పెడితె నేను జిందగంత మొయ్యాల్నా?" అన్నాను.

అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ నాకనిపించదు. కానీ ఆయన మొహం చూడలేక లోపలికి వెళ్లిపోయాను. ఆయన మరెప్పుడూ, ఎవరి దగ్గరా, ఆ సంగతికి నా పేరు ముడిపెట్టలేదు.

హన్మకొండ కోర్టు ఆరోజు కిటకిటలాడింది. సారంగపాణి సార్, లక్ష్మీనారాయణ వెనక వరుసలో కూర్చున్నారు. బాపు తెల్లచొక్కా వేసుకున్నాడు. జేబులో కార్డు ఉంది. చూసింది చూసినట్టు చెప్పాడు. తడబడలేదు. తర్వాత కంట్రాక్టర్ వకీలు లేచాడు.

"మీరు ఇంత కళ్లారా చూస్తే, జిల్లాలో ఎక్కువమంది చదివే మీ పేపర్లో ఆ వార్త ఎందుకు రాలేదు? మీ పేపరు వాళ్లు నమ్మలేదు. అంతేనా?"

"మా పేపరోళ్లకు గా వార్త అందనే లేదు సార్."

"ఎందుకు అందలేదు?"

"నేను పంపలే."

"అంటే అది నిజం కాదని మీకు తెలుసు కాబట్టి పంపలేదు."

"నిజం గాబట్టే పంపలే సార్. అబద్ధమైతె నాకు భయమెందుకు? ఆయన మనిషి నా దుకాణం కాడికి వచ్చి పోయిండు. నేను బుగులుపడ్డ. కవరు జేబుల పెట్టుకోని స్తంభం సాటుకు నిలబడ్డ. కట్టయ్య రాసింది అక్షరం అక్షరం నిజం. నా జేబుల ఉన్నది గూడ గా వార్తే. నలుగురి పేరు మీద నాలుగు కాగితాలు రాసినం. బస్సెక్కింది ఒక్కటి."

కోర్టులో ఎవరో నవ్వారు. ఎవరో ఛీ అన్నారు. మిగతా రెండు కాగితాలు ఎవరివని జడ్జి అడిగాడు. బాపు వెనక వరుస వైపు చూడలేదు. "నా సంగతి నేను చెప్పిన సార్. ఆళ్ల సంగతి ఆళ్లు చెప్పాలె," అన్నాడు. సారంగపాణి సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లక్ష్మీనారాయణ అప్పటికే లేచి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఆరోజు నోరు విప్పలేదు, తర్వాతా విప్పలేదు. లక్ష్మీనారాయణ కొన్నాళ్లకు హైదరాబాద్ వెళ్లి పెద్ద జర్నలిస్టు అయ్యాడు, పత్రికా స్వేచ్ఛ మీద సభల్లో మాట్లాడేవాడు. వినడానికి నేనూ ఒకసారి వెళ్లాను. మధ్యలో లేచి వచ్చేశాను.

కేసు కొట్టేశారు. ఆ వారమే మా బాపు కార్డు పోయింది. వార్త తొక్కిపెట్టిన మనిషి మాకొద్దని పేపరు వాళ్లు అన్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఏజెన్సీ మాత్రం ఉంచారు, కాపీలు అమ్ముడుపోవాలి కదా.

సాక్ష్యం చెప్పిన రోజునే కోర్టు వరండాలో బాపు కట్టయ్య కాక దగ్గరికి పోయాడు. చేతులు పట్టుకోబోయి, నలిగిన వేళ్లు గుర్తొచ్చి ఆగిపోయాడు.

"తమ్మీ, నీకు మొఖం సూపెట్ట శాతనైతలేదు," అన్నాడు.

కాక కర్ర గోడకు ఆనించాడు. "నాకెప్పుడో ఎరుక రాములన్నా. గా బస్సు కండక్టర్ దవాఖానకు వచ్చి చెప్పిండు. 'కట్టయ్యన్నా, ఆ పొద్దు నీ ఒక్కని కవరే వచ్చింది' అన్నడు."

"ఎరుకుంటె మరి అన్ని దినాలు..."

"డెస్కోళ్లను తిట్టినప్పుడల్ల నువ్వు చెప్తవని సూసిన. చెప్పకపోతివి. నేనే అంటె, నువ్వు వచ్చుడు బంద్ జేస్తవ్. నన్ను లేపి కూసోబెట్టెటోడు ఇంకెవడున్నడు?"

బాపు అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. అంత పెద్దమనిషి నలుగురిలో అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాక్కూడా ఏడుపొచ్చింది. ముందు రోజు రాత్రి అన్న మాటలు కొంచెం మెత్తగా అనాల్సిందేమోనని ఆ ఒక్క నిమిషం అనిపించింది. కాక వంగలేక నిలబడే ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత అన్నాడు.

"నన్ను కొట్టిండ్లు, నేను బతికిన. నా బాకీ తీరింది అనుకో. గాని మనం రాసింది నా కోసం గాదు గదన్నా. తాగొద్దు అని రాసినం. గా మాట ఎవలకు చేరాల్నో ఆళ్లకు చేరలే. నాకు జెప్పినవ్, జడ్జికి జెప్పినవ్. ఆళ్లకు గూడ జెప్పు."

బాపు అంతదూరం ఆలోచించలేదు. రెండేళ్లు ఆయన కుమిలిందంతా కట్టయ్య కాక గురించే. రెండో ఊళ్లో పోయినవాళ్ల గురించి తన చేత్తోనే వార్త రాశాడు, పేర్లు కూడా రాశాడు. ఆ పేర్లకూ తన జేబులో ఉండిపోయిన కవరుకూ సంబంధముందని తనతో తాను కూడా అనుకోలేదు. అనుకుంటే బతకలేననుకున్నాడో ఏమో.

ఆ ఆదివారం ఆ రెండో ఊరికి నన్ను తోడు రమ్మన్నాడు. అవ్వ వద్దని మొత్తుకుంది. ఆ ఊళ్లో జనం కొడతారంది. కొడితే పడతానన్నాడు బాపు. నర్సంపేట బస్సెక్కి, రోడ్డు మీద దిగి, అడిగి తెలుసుకుంటూ పోయాం. మొదటి ఇల్లు మొగిలమ్మది. ఆమె మొగుడు కొమురెల్లి బండి తోలేవాడు. ఆమె వాకిట్లో కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి, ఎవరో ఆఫీసర్లనుకుని గబగబా లేచి మంచం వాల్చింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. బాపు చెంబు అందుకున్నాడు కానీ తాగలేదు. మంచం మీద కూర్చోకుండా ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నేను హన్మకొండల పేపర్లు అమ్ముత. అప్పుడు పేపర్లకు వార్తలు గూడ రాసెటోన్ని. మీ ఆయన తాగకముందే గా సారా మంచిది గాదని నాకు తెలిసింది. పక్క ఊళ్లె సచ్చినోళ్లను సూసిన. తాగొద్దని పేపర్ల రావాలె. భయపడి నేను పంపలే. అందుకే రాలే. గదే చెప్పిపోదామని వచ్చిన."

ఆమె అర్థం కానట్టు చూసింది. ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉంది. బాపు మళ్లీ చెప్పాడు. ఆమె తిడుతుందని, మన్ను ఎత్తి పోస్తుందని నేను చూస్తున్నాను. మీద పడితే అడ్డుకోకూడదని కూడా అనుకున్నాను.

"ఏ పేపరు సారూ?" అనడిగింది.

బాపు పేరు చెప్పాడు.

"పొద్దుగాల ఫస్ట్ బస్సుకు వస్తది, గదేనా?"

"గదే అవ్వా. నేనే పంపుత."

"మా ఊళ్లె హోటల్ కాడ పంతులు సదువుతడు, పైకి. మా ఆయనకు సదువు రాదు గని, దినాం పొయ్యి కూసునేటోడు. మొత్తం ఇనందె లేసెటోడు గాదు. బండి కట్టుడు లేటైతాందని నేను లొల్లి వెట్టేదాన్ని."

ఆమె చేతిలోని కాయ వైపు చూసుకుంది. ఎప్పటిదో గుర్తు చేసుకుంటున్నట్టు కొంచెం నుదురు ముడిచింది.

"తాగిన పొద్దు గూడ పోయిండు. ఎండెక్కినంక ఇంటికొచ్చిండు. గింతసేపు కూసున్నవ్, ఏమున్నదయ్యా పేపర్ల అని అడిగిన. ఇయ్యాల ఏం లేదే అన్నడు."